బండ మీద ఇరవై నిమిషాలు

కర్నూలులో కంప్యూటరు కొనేవాళ్ళకి ఇంకేది తెలిసినా తెలియకపోయినా ఎత్తు మాత్రం తెలుసు. ఇది రెజీనా అభిప్రాయం. ఏడేళ్ళుగా భూపేష్ కంప్యూటర్ షాపులో, కౌంటరు వెనక పరదా చాటున కూర్చుని, వచ్చినవాళ్ళ మాటలు విని విని ఏర్పరచుకున్న అభిప్రాయం కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యడానికి వీల్లేదు. పెళ్ళి వీడియోలు కూర్చేవాడు వస్తాడు. ఫ్లెక్సీలు తయారుచేసేవాడు వస్తాడు. వచ్చినవాడల్లా మొదట చూసేది కూలరు. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని నెత్తిన బిగించే ఫ్యాన్ల దిమ్మె అది. మన ఎండలకి పెద్దదే కావాలంటాడు. సరే, అది న్యాయమే. రెండు ఫ్యాన్లతో ఇటుకకి రెట్టింపు ఉన్నదాన్ని ఏరుకుంటాడు. ఆ తర్వాత ర్యామ్ చూపించమంటాడు. అరచెయ్యంత పట్టీలు అవి. మామూలువి పొట్టిగా, బోడిగా ఉంటాయి, చెయ్యాల్సిన పనంతా నోరెత్తకుండా చేస్తాయి. వాటిని చూడగానే మనవాడి మొహం మాడిపోతుంది. ఎర్ర రేకు తొడిగి, ఆ రేకు పైన పళ్ళు పళ్ళుగా కోడిపుంజు జుట్టులా నిక్కి ఉన్నవే వాడికి కావాలి. ఆ రేకు పేరు హీట్‌సింక్. వేడిని లాగేస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది, మనవాడు అది కూడా చదవడు.

అంత కూలరూ అంత జుట్టూ పక్కపక్కన ఇమడవు. కూలరు ముందు ఫ్యాను సరిగ్గా ర్యామ్ పట్టీల మీదికే వచ్చి వాలుతుంది. తలకాయ ఉన్నవాడెవడైనా పొట్టి పట్టీలు పెట్టుకుని ఊరుకుంటాడు. వీళ్ళు ఊరుకోరు. జుట్టు కొనాలి, కొన్న జుట్టు కత్తిరించాలి, కత్తిరించినదాన్ని తీసుకెళ్ళి ఫ్యాను కింద ఎవరి కంటికీ కనపడకుండా దాచాలి. పెద్ద కారు కొనుక్కొచ్చి, అది సందులో పట్టక, సొంత ఇంటి ప్రహరీ పగలగొట్టుకునే మహానుభావులున్న ఊళ్ళో ఇది పెద్ద విడ్డూరమేమీ కాదు.

కత్తిరించే పని రెజీనాది. ఆమెది ఓర్వకల్లు పక్క పల్లె. తండ్రి ఏసేపు గుట్ట మీద రాళ్ళు కొట్టేవాడు, ఆదివారం చర్చిలో డోలు వాయించేవాడు. పదో తరగతి అయ్యాక రెజీనా కర్నూలు వచ్చి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో చేరింది. పదకొండేళ్ళు పళ్ళు అరగదీసింది. వెంట్రుకవాసి ఎక్కువైతే ముసలాయన నోరు మూతపడదు, తక్కువైతే ముద్ద నమలలేడు. ఆ పని ఆమె వేళ్ళకి పట్టుబడిపోయింది. డాక్టర్లు మిషన్ల మీద పళ్ళు చేయించుకోవడం మొదలుపెట్టాక ల్యాబు మూతపడింది. అక్కడినుంచి తన చిన్న ఆకురాళ్ళూ, సన్న ఉప్పుకాగితం ముక్కలూ, పళ్ళ సందుల్లో ఆడించే మైనపు దారం ఉండా సంచీలో వేసుకుని భూపేష్ షాపుకి వచ్చింది. మొదట్లో తుడవడానికి పెట్టుకున్నారు. ఒకరోజు భూపేష్ ఒక కూలరుతో గంటసేపు కుస్తీ పట్టి, ఆ జుట్టు పట్టీని రంపంతో కోయబోతుంటే ఆమె చూడలేకపోయింది. ఇట్లా ఇవ్వండి సార్ అని తీసుకుంది. ఆ తర్వాత ఆ పని ఇంకెవరూ ముట్టుకోలేదు.

ఆమె పద్ధతి చూడటానికి చాలా సులువు. రేకు పట్టీకి జిగురుతో అంటుకుని ఉంటుంది. అది ఉండగా కోస్తే పొడి రాలి పట్టీ పాడవుతుంది, కాబట్టి ముందు రేకు ఊడదియ్యాలి. చల్లగా ఉన్నప్పుడు లాగితే జిగురు వదలదు, కింద అంటించిన నల్లటి చిప్పులే రేకుతోపాటు పెకిలి వస్తాయి. అందుకని వెచ్చబెట్టాలి. షాపు మిద్దె మీద పిట్టగోడ పక్కన నల్లటి కడప బండ ఒకటి పరిచి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద ఎవరైనా చెయ్యి పెడితే అబ్బా అని తీసెయ్యాల్సిందే. రెజీనా ఆ బండ మీద మందపాటి కాగితం వేసి, పట్టీలు పేర్చి, ఇరవై నిమిషాలు ఆగేది. తర్వాత మైనపు దారాన్ని రేకు సందులోకి పోనిచ్చి అటూ ఇటూ ఆడిస్తే జిగురు వెన్నలా విడిపోయేది. అప్పుడు రేకుని పట్టుడులో బిగించి, పళ్ళు కోసి, ఆకురాయితో అంచు సాపు చేసి, ఉప్పుకాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొత్త జిగురు టేపుతో తిరిగి తొడిగేది. అంచు మీద వేలు రాస్తే గీసుకోకూడదు. ఫ్యాను కింద ఆ అంచుని తాకే నాథుడెవడూ లేకపోయినా సరే. ఎండ లేని రోజుల్లో ఆడవాళ్ళు తల ఆరబెట్టుకునే మిషను పెట్టి వెచ్చబెట్టేది. ఇందులో దాచుకోవాల్సిన రహస్యమేమీ లేదు, బుర్ర ఒకటి ఉంటే చాలు.

పనంతా పరదా వెనక. పేరంతా కౌంటరు ముందు. భూపేష్ ఆ పట్టీలని గిరాకీలకి చూపించి, మా షాపులో ఫిట్టింగు చూడండి అనేవాడు. రెజీనాకి ఒళ్ళు మండేది. ల్యాబులో కూడా ఇంతే, పళ్ళు ఆమె చేస్తే పేరు డాక్టరుది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేతిపని ఇంకొకరి పేరుతో బయటికి పోతూనే ఉంది. అందుకే ఉగాది ముందు భూపేష్ పిలిచి, కడపలో బ్రాంచి తెరుస్తున్నానని, అక్కడ ఇంచార్జిగా నువ్వే ఉండాలని చెప్పినప్పుడు ఆమె ఆ మాటని గట్టిగా పట్టుకుంది. పరదా లేని బల్ల, దాని మీద ఆమె పేరు, గిరాకీ నేరుగా ఆమెతోనే మాట్లాడటం. ఇంటికి వెళ్ళి భర్త యేసుప్రసాద్‌కి చెప్పింది. ఆయన ఓర్వకల్లు విమానాశ్రయంలో గార్డు. కడపకి మారాల్సి వస్తే మారదామన్నాడు. రెజీనా బల్ల మీద పెట్టడానికి పేరు చెక్క కూడా రాయించుకుని సంచీలో పెట్టుకుంది. అంత ఆశ పెట్టుకుంది పాపం.

మే నెలలో ఓబుళేశు దిగాడు. భూపేష్ భార్య శిల్పకి తమ్ముడు. ఇంజనీరింగు మూడో ఏడు దాకా చదివి, మిగతాది చదవాల్సిన అవసరం తనకి కనపడలేదని మానేసిన మేధావి. నాలుగేళ్ళు ఏదో ఒక నాయకుడి కారు వెనక తిరిగి, ఇప్పుడు వ్యాపారం చేద్దామనుకున్నాడు. వాడికి పని నేర్పించమని భూపేష్ చెప్పాడు. రెజీనా నేర్పింది. ఓబుళేశు ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని నేర్చుకున్నాడు. మిద్దె మీద ఎండ దెబ్బ తగులుతుందని మెట్ల గది గుమ్మంలోనే నిలబడి, బండ మీద పట్టీలు పెట్టడం దూరంనుంచి చూశాడు. ఎంతసేపక్కా అని అడిగాడు. ఇరవై నిమిషాలు అంది. అది మాత్రం శ్రద్ధగా ఫోనులో రాసుకున్నాడు. రెండు వారాలకి అంతా వచ్చేసిందని ఇంటికి వెళ్ళిపోయాడు.

కడప బ్రాంచి కార్తీకంలో తెరిచారు. బోణీ గిరాకీ కడపలోనే వీడియో స్టూడియో ఉన్న పెద్దన్న. పెద్దన్న కూలరు చూస్తే పెళ్ళి పొయ్యి మీద పెట్టే గుండిగంత ఉంటుంది, ర్యామ్ పట్టీల జుట్టు చూస్తే జెండాకర్రలే. ఆ పట్టీలు కత్తిరించి కంప్యూటరు పెట్టె బిగించే పని సహజంగా రెజీనాకి రావాలి. రాలేదు. బోణీ పని ఇంటి మనిషి చేత్తో జరిగితే కలిసొస్తుందని శిల్ప అంది. కాబట్టి ఓబుళేశు చేస్తాడు, అదీ కడపలోనే. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పెట్టె మొదటిసారి ముహూర్తానికి, పెద్దన్న చేత్తోనే ఆన్ కావాలి. అంతకు ముందు ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదు. ఇది విన్నప్పుడు రెజీనా నోరు ఊరుకోలేదు. ఒక్కసారి వేసి చూసి ఆపేద్దాం సార్ అంది. భూపేష్ నవ్వి, ముందే వేస్తే ఇంక ముహూర్తమెందుకమ్మా అన్నాడు. కట్టుడు పళ్ళు నోట్లో పెట్టి చూడకుండా పెళ్ళి భోజనానికి పంపినట్టుంది ఈ వరస అని ఆమె మనసులోనే అనుకుంది.

తెరిచేనాటికి మూడు రోజులుగా ముసురు. ఎక్కడో తుపాను. రెజీనా తెల్లవారి బస్సెక్కి నంద్యాల, మైదుకూరు మీదుగా కడప చేరేసరికి పదకొండు కావస్తోంది. చీర కుచ్చెళ్ళు తడిసి ముద్దయ్యాయి. షాపు మాత్రం దివ్యంగా ఉంది. అద్దాల తలుపు, లైట్లు, బంతిపూలు. లోపల కొత్త బల్ల ఒకటి, దాని వెనక తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో ఓబుళేశు కూర్చుని ఉన్నాడు. పనిరోజు కాదు కదా, ఊరికే కూర్చున్నాడేమో అని ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. సంచీలోని పేరు చెక్కని తడిమి చూసుకుని ఓ పక్కన నిలబడింది.

పెద్దన్న పట్టు చొక్కా వేసుకుని వచ్చాడు. ఎల్లుండి ఒంటిమిట్టలో పెళ్ళి ఒకటి ఉందని, ఆ వీడియో ఈ పెట్టె మీదే చేస్తానని అందరికీ వినపడేలా చెప్పాడు. పూజ అయింది. ముహూర్తానికి పెద్దన్న స్విచ్చి నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. తెర నల్లగానే ఉంది. ఇంకాసేపట్లో వస్తుందిలే అని ఇంకోసారి కొట్టారు. రాలేదు. పెద్దన్న మళ్ళీ నొక్కాడు. భూపేష్ నొక్కాడు. ఆఖరికి అందరూ కలిసి ఓబుళేశు వైపు చూశారు. ఓబుళేశు ఏమాత్రం తొణక్కుండా, రెజీనక్క నేర్పించినట్లే చేసినాను, ఆయమ్మనే అడగండి అన్నాడు.

రెజీనా సంచీ పక్కన పెట్టి పెట్టె ముందు కూర్చుంది. ముందు కూలరు ఫ్యాను విప్పింది. కింద ర్యామ్ పట్టీలు రెండూ బయటికి తీసింది. రేకుల అంచులు వెలుతురుకి తిప్పి చూసింది. ఎలక కొరికినట్టున్నాయి. గట్టిగా పట్టుకోబోతే ఒక రేకు దానంతట అదే చేతికి ఊడి వచ్చింది. చెప్పులకి రాసే జిగురుతో అంటించి ఉంది. రేకు లోపలివైపు మూడు చిప్పులు అతుక్కుని ఉన్నాయి. పట్టీ మీద అవి ఉండాల్సిన చోట ఖాళీ, వెండి చుక్కలు మాత్రం మెరుస్తున్నాయి. రెండోదీ అంతే, దాంట్లో రెండు పోయాయి. పట్టకారతో చిగుళ్ళతో సహా పళ్ళు పీకినట్టుంది.

"ఎట్ల ఊడదీసినావప్పా దీన్ని?" అని అడిగింది.

"నువ్వు చెప్పినట్లేనక్కా. కడప బండ మీద ఇరవై నిమిషాలు. ఫోన్లో అలారం పెట్టుకోని మరీ చేసినా."

"యాడ పెట్టినావు?"

"బయట మెట్ల కాడ బండ ఉండాది గదా, దాని మీద. వాన పడుతాంటే తడుస్తాదని గొడుగు పట్టుకోని ఇరవై నిమిషాలూ నిలబడినా." ఈ మాట అంటూ వాడు చుట్టూ చూశాడు. పడ్డ కష్టానికి ఎవరైనా మెచ్చుకుంటారని ఎదురుచూసినట్టుంది.

"బండ కాలిందా?"

"వానలో బండ ఎట్ల కాలుతాదక్కా?" అన్నాడు ఓబుళేశు. ఆమె తెలివితక్కువతనానికి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

రెజీనా ఊడిన రేకుని బల్ల మీద పెట్టింది. వీడి లెక్కలో పనంతా బండ చేస్తోంది. ఎండ అనేది ఒకటుందని, అది బండని కాలుస్తుందని, ఆ వేడికి జిగురు కరుగుతుందని ఈ ఇంజనీరు తలకెక్కలేదు. ఐదు నెలలు ఫోనులో భద్రంగా దాచుకున్న జ్ఞానం మొత్తం బండ, ఇరవై. గొడుగు మాత్రం సొంతంగా కనిపెట్టాడు.

ఆమె సంచీలోంచి రెండు మామూలు పట్టీలు తీసింది. ఎక్కడికి వెళ్ళినా అవి వెంట ఉంచుకుంటుంది, పెట్టెలు పరీక్షించడానికి. వాటిని పెట్టి స్విచ్చి వేస్తే తెర వెంటనే వెలిగింది. ఒంటిమిట్ట పెళ్ళేం ఖర్మ, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ దీని మీద చేసుకోవచ్చు, ఇవే ఉంచుకోండి అని చెప్పింది. భూపేష్ మొహం తేటపడింది. పెద్దన్న మాత్రం ఆ పొట్టి పచ్చ పట్టీలని ఎగాదిగా చూసి, బోణీ పూట బోడివి పెట్టుకోమంటావామ్మా అని బాధపడ్డాడు. పక్కనున్నవాళ్ళు కూడా అవును, శుభమా అని తెరిచిన చోట బోడివేంటి అన్నారు. భూపేష్ వెంటనే, తీసెయ్యి తీసెయ్యి అన్నాడు. వెలుగుతున్న పెట్టెని ఆర్పి, పనిచేస్తున్న పట్టీలు పీకి, పనిచేయనివాటి కోసం అందరూ కలిసి దిగులుపడ్డారు. ఇంతటి తెలివి ఒకే గదిలో ఇంతమందికి ఉండటం రెజీనా ఎప్పుడూ చూడలేదు. పట్టీలు సంచీలో పెట్టుకుంది.

భూపేష్ ఆమెని వెనక చేతులు కడుక్కునే చోటికి పిలిచాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. పెద్దన్న ఈ ఊళ్ళో పదిమందికి చెప్పే మనిషి. మొదటి రోజే ఓబుళేశు పేరు చెడితే వాడు తలెత్తుకోలేడు.

"ఈ ఒక్కసారికి నీ చెయ్యి జారిందని చెప్పమ్మా. నువ్వు పనిమనిషివి, నీకేం గాదు. వాడు ఈడ ఇంచార్జిగా కూర్చోవల్ల గదా."

"ఇంచార్జి నేనని ఉగాది కాడ చెప్పింటిరి గదా సార్."

"చెప్పినా. ఇంట్లో శిల్ప ఒప్పుకోవల్ల గదా?" అని భూపేష్ కుళాయి కట్టేశాడు. "పేరుకే వాడు. పనంతా నువ్వే చూసుకుందువులే. ఆడ ఉన్నెట్లే ఈడ గూడా లోపలికి పరదా కట్టిస్తాండా."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఎక్కడా తప్పు చేస్తున్నానన్న జాడ లేదు. పైగా ఆమెకి ఏదో మేలు చేస్తున్నట్టే ఉంది. రెజీనాకి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ల్యాబులో ఉన్నప్పుడు డాక్టర్లు కొలత తప్పు తీసుకుని, పళ్ళు సరిపోకపోతే ఫోను చేసి రోగి ఎదుటే తిట్టేవాళ్ళు. మా పొరపాటే సార్ అనేది. పదకొండేళ్ళు అన్నది ఆ మాట. అన్న ప్రతిసారీ ఆ డాక్టరు పేరు పెరిగింది, ఆమె అక్కడే ఉంది. ఈయన ఇప్పుడు ఆమె కుర్చీ తీసేసుకుని, ఆ కుర్చీలో కూర్చున్నవాడి తప్పు కూడా ఆమెనే మొయ్యమంటున్నాడు. ఏం మనుషులయ్యా వీళ్ళు అనిపించింది. ఆమె జవాబు కోసం భూపేష్ ఆగలేదు, అలవాటు ప్రకారం సరేననే అనుకుని ముందుకి వెళ్ళిపోయాడు.

వెళ్ళి ఓబుళేశు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, మొహం నిండా నవ్వు పులుముకున్నాడు. నేర్పేటప్పుడు మా రెజీనమ్మ చెయ్యి కొంచెం జారింది, ఏమీ అనుకోవద్దు, ఇవాళ్టినుంచి ఈ బ్రాంచికి మా ఓబుళేశే ఇంచార్జి, ఇట్లాంటివి ఇంక జరగవు అని ప్రకటించాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఓబుళేశు కుర్చీలో ఒకసారి అటూ ఇటూ తిరిగి అందరికీ నమస్కారం పెట్టాడు.

పెద్దన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో ఊడిపోయిన రేకు పట్టుకుని దాని గరుకు అంచుని బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు. వేలు గీసుకుని రక్తం చిప్పిల్లింది. రెజీనా వైపు తిరిగి, "ఏమ్మా, ఇది నీ చెయ్యేనా?" అని అడిగాడు.

భూపేష్ ఆమెకి కళ్ళతో సైగ చేశాడు. రెజీనా ఆ రేకు వైపు చూసింది. కొరికినట్టున్న ఆ పళ్ళు, చెప్పుల జిగురు, రేకుకి అంటుకున్న చిప్పులు. ఇది నాదని ఒప్పుకుంటే ఇంక ఆమెకి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఎలాగూ కుర్చీ పోయింది. పోనీ.

"కాదన్నా. నేను చేసింటే నీ వేలు తెగేది కాదు" అంది.

పెద్దన్న తల ఊపాడు. రక్తం పట్టు చొక్కాకి అంటకుండా వేలు పక్కకి పెట్టుకుని, ఎల్లుండి పెళ్ళి ఉండాదమ్మా, మరి నా పెట్టె ఎవరు చేస్తారు, ఎప్పటికి లేస్తాది అని అడిగాడు. ఇప్పుడు ఆయన గొంతులో బోణీ లేదు, ముహూర్తం లేదు, భయమే ఉంది. పోనీ ఆ పొట్టివే పెట్టమ్మా అని కూడా మెల్లగా అన్నాడు.

రెజీనా సంచీ భుజాన వేసుకుంది. ఆ సంచీలో ఆకురాళ్ళున్నాయి, దారం ఉంది, రెండు పట్టీలున్నాయి, పేరు చెక్క ఉంది. భూపేష్ గబగబా ఆమె పక్కకి వచ్చి, చూడమ్మా చూడమ్మా అంటున్నాడు.

"నన్నెందుకన్నా అడుగుతావు?" అంది ఆమె పెద్దన్నతో. "ఇంచార్జి ఆడ కూర్చోనుండాడు గదా, ఆయప్పని అడుగు."

అందరి తలలూ తిరిగే కుర్చీ వైపు తిరిగాయి. ఓబుళేశు బావ మొహం చూశాడు. బావ రెజీనా కోసం చూశాడు. ఆమె అప్పటికే అద్దాల తలుపు తోసుకుని మెట్లు దిగుతోంది.